గత విజేతల పేజీలో లేని పేర్లు

స్క్వాష్ అనగానే మన తరంవాళ్ళకి గుర్తొచ్చేది ఆట కాదు. ఎండాకాలంలో చుట్టాలు దిగితే అమ్మ అలమారలోంచి సీసా తీసి, గాజు గ్లాసులో రెండు వేళ్ళ మందం పోసి, కుండలో నీళ్ళు కలిపి ఇచ్చే నారింజ రంగు పానీయం. అది చుట్టాలకి. మనకి సీసా కడిగిన నీళ్ళు. ఆ పేరుతో ఒక ఆట ఉందని, దానికి నాలుగు గోడల గది కావాలని నాకు సింగపూరు వచ్చి ఇల్లు వెతుక్కునేటప్పుడే తెలిసింది. ఏజెంటు "స్విమ్మింగ్ పూల్, జిమ్, స్క్వాష్ కోర్టు" అని వల్లిస్తుంటే మా ఆవిడ నా చెవిలో "కోర్టెందుకండీ, ఇక్కడ అన్ని గొడవలవుతాయా?" అంది.

ఈసారి ఆ ఆట గురించే రాస్తున్నాను. కారణం ఒక పన్నెండేళ్ళ అమ్మాయి, వాళ్ళ నాన్న, మా లంచ్ టేబుల్.

చాంగీ బిజినెస్ పార్కు గురించి ఇక్కడ ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. కొత్తగా వచ్చినవాళ్ళ కోసం రెండు ముక్కలు. ఎక్స్‌పో స్టేషన్‌లో దిగితే పక్కనే మొదలయ్యే ఆఫీసు మేడల వరస అది. బ్యాంకుల వెనకింటి పనులు, కంప్యూటర్ పనులు అక్కడ ఎక్కువ. పన్నెండున్నరకి భోజనాల దగ్గర లైన్లో నిలబడితే ముందు గుంటూరు వినబడుతుంది, వెనక కరీంనగర్ వినబడుతుంది, పక్కన కోయంబత్తూరు. అక్కడ మేం నలుగురం రోజూ ఒకే టేబుల్ దగ్గర కూర్చుంటాం. పేర్లు రాయను. రాస్తే రేపటినుంచి నాకు కుర్చీ ఉండదు.

మాలో ఒకాయన కూతురు స్క్వాష్ ఆడుతుంది. వాళ్ళుండేది మా కాండోలోనే. ఎనిమిదో ఏట కింద కోర్టులో ఎవరో ఆడుతుంటే గాజు తలుపుకి ముక్కు ఆనించి చూసి మొదలుపెట్టింది. ఆ తర్వాత స్కూలు జట్టు, కోచింగు, పొద్దున్నే లేవడాలు. ఇక్కడి పద్ధతి తెలిసిందే కదా, పీఎస్ఎల్ఈ మార్కులతోనే కాకుండా ఆటలోనో, సంగీతంలోనో ఉన్న ప్రతిభ చూసి ముందుగానే సెకండరీ స్కూలు సీటిచ్చే డీఎస్ఏ అనే దారి 2004 నుంచీ ఉంది. ఆ దారిన పిల్లకి మంచి స్కూల్లో సీటొచ్చింది. స్వీట్లు పంచాడు. పంచిన మర్నాడే టేబుల్ దగ్గర, "అన్నా, సీటొచ్చేసింది. స్కూలు వాళ్ళడిగినంత వరకు ఆడుతుంది. బయటి కోచింగు, టోర్నమెంట్లు ఇక ఆపించేద్దామనుకుంటున్నా" అన్నాడు.

ఎందుకయ్యా అంటే ఫోన్‌లో ఒక పట్టిక తీసి చూపించాడు. మనవాడు డేటా మనిషి, అన్నం తినాలా వద్దా అన్నది కూడా పట్టిక వేసి తేలుస్తాడు. అది ప్రపంచ జూనియర్ స్క్వాష్ ఛాంపియన్‌షిప్‌లో గత విజేతల జాబితా. పంతొమ్మిదేళ్ళ లోపు వాళ్ళకి జరిగే పోటీ. మగపిల్లలకి 1980లో, ఆడపిల్లలకి ఆ మరుసటి ఏడాది మొదలైంది. "చూడన్నా. పాకిస్తాన్, ఆస్ట్రేలియా, ఇంగ్లండ్, మలేషియా, తర్వాతంతా ఈజిప్టు. ఇండియా పేరు ఒక్కచోట లేదు. ఇక మన ఇంటిపేర్ల సంగతి ఎత్తకు. మనది కాని ఆట మనకెందుకు?"

సమాధానం నా దగ్గర లేదు. పట్టిక మాత్రం నాకు పంపించమన్నాను. ఆ శని, ఆదివారాలు దానితోనే గడిచాయి.

మొదటిసారి చదివితే ఆయన చెప్పిందే నిజమనిపిస్తుంది. 1986లో జాన్‌షేర్ ఖాన్ జూనియర్ విజేత, మరుసటి ఏడాదే పెద్దల ప్రపంచ విజేత. మొత్తం ఎనిమిది సార్లు గెలిచాడు. 1987లో ఆస్ట్రేలియా అమ్మాయి సారా ఫిట్జ్‌జెరాల్డ్, పెద్దయ్యాక అయిదు ప్రపంచ టైటిళ్ళు. 1999లోనూ 2001లోనూ నికోల్ డేవిడ్. మన పొరుగున పెనాంగ్ పిల్ల, తండ్రివైపు మూలాలు మన దేశంలోవే. మొదటిసారి గెలిచేనాటికి పదహారు నిండలేదు, రెండోసారి సొంత ఊళ్ళోనే గెలిచింది. ఆ తర్వాత ఎనిమిది ప్రపంచ టైటిళ్ళు, 108 నెలలు ఏకబిగిన మొదటి ర్యాంకు. 2009లో చెన్నైలో పోటీ జరిగితే ఈజిప్టునుంచి వచ్చిన నూర్ ఎల్ షెర్బీనీ గెలిచింది. వయసు పదమూడు! ఆమె కూడా 2025లో ఎనిమిదో ప్రపంచ టైటిల్ గెలిచి నికోల్ సరసన నిలబడింది. ఇలా చదువుకుంటూ పోతే జాబితా జాతకంలా కనబడుతుంది. ఇందులో పేరుందంటే గొప్పవాళ్ళవుతారు, లేదంటే లేదు.

రెండోసారి చదివేటప్పుడు తెలియని పేర్ల దగ్గర ఆగాను. 1992లో గెలిచిన ఫిన్లండ్ కుర్రాడు యుహా రౌమోలిన్. 1994లోనూ 1996లోనూ వరసగా గెలిచిన ఈజిప్టు కుర్రాడు అహ్మద్ ఫైజీ. ఇద్దరిలో ఒక్కరూ పెద్దల ప్రపంచ టైటిల్ గెలవలేదు. 2002లో చెన్నైలో గెలిచిన జేమ్స్ విల్‌స్ట్రాప్ 2012లో ప్రపంచ మొదటి ర్యాంకుకి చేరాడు, కామన్వెల్త్ స్వర్ణం గెలిచాడు, ప్రపంచ టైటిల్ మాత్రం చేతికందలేదు. అంటే జూనియర్ కప్పు పెద్దరికానికి రసీదు కాదన్నమాట.

ఇక మూడోసారి. ఈసారి జాబితాలో లేనివాళ్ళ కోసం వెతికాను. అక్కడే నాకు మజా వచ్చింది.

అలీ ఫరాగ్ అని ఒకాయన. ఈజిప్టువాడే. 2010 జూనియర్ పోటీలో విజేత అమ్ర్ ఖాలెద్ ఖలీఫా, ఫరాగ్ కాదు. గెలవని ఫరాగ్ ఏం చేశాడు? హార్వర్డ్‌కి వెళ్ళి మెకానికల్ ఇంజనీరింగ్ చదివాడు. (టేబుల్ దగ్గర ఈ మాట చెప్పగానే నలుగురూ చెంచాలు కింద పెట్టారు.) 2014లో పట్టా పుచ్చుకుని, అప్పుడు ఆటనే వృత్తి చేసుకుని, నాలుగుసార్లు ప్రపంచ విజేత అయి, 2025లో రిటైరయ్యాడు. పట్టికలో ఆయన పేరు ఎక్కడా లేదు.

మనవాళ్ళు కూడా అంతే. 2005లో బెల్జియంలో జరిగిన జూనియర్ ఫైనల్లో రనీమ్ ఎల్ వెలీలీ చేతిలో ఓడిన అమ్మాయి జోష్నా చినప్ప. ఓడినవాళ్ళని పట్టికలో వెయ్యరు కదా. అదే ఏడాది ఆమె బ్రిటిష్ జూనియర్ ఓపెన్ పంతొమ్మిదేళ్ళ లోపు టైటిల్ గెలిచింది. దానికి ఏడాది ముందు, 2004లో, అదే పోటీలో మగపిల్లల విభాగం గెలిచిన తొలి భారతీయుడు సౌరవ్ ఘోషాల్. అతను 2019లో ప్రపంచ ర్యాంకుల్లో మొదటి పదిలోకి వెళ్ళాడు. భారతదేశపు మగవాళ్ళలో అంతకు ముందు ఎవరూ వెళ్ళలేదు. జోష్నా సంగతి ఇంకా చిత్రం. 2025 డిసెంబరులో చెన్నైలో స్క్వాష్ ప్రపంచ కప్ జరిగితే, ముప్పయ్తొమ్మిదేళ్ళ జోష్నా, పదిహేడేళ్ళ అనాహత్ సింగ్ ఒకే జట్టులో ఆడారు. ఫైనల్లో హాంకాంగ్ మీద గెలిచి భారత్ మొదటిసారి ఆ కప్పు తీసుకుంది. ఇరవయ్యేళ్ళ కిందటి "ఓడిన" అమ్మాయి ఆ రోజు కోర్టులో ఉంది.

సరే, మనది కాని ఆట అన్నాడు కదా, ఆ మాటకొద్దాం. ఇందులో కొంత నిజం ఉంది. ఒప్పుకోవాలి.

స్క్వాష్ ఇంగ్లండులో హారో బడి పిల్లలు పందొమ్మిదో శతాబ్దంలో కనిపెట్టుకున్న ఆట. కోర్టు పొడవు 9.75 మీటర్లు, వెడల్పు 6.4 మీటర్లు. నాలుగు పక్కలా గోడలు, కింద చెక్క నేల. బంతి అరచేతిలో ఇమిడే రబ్బరు గుండు, కొట్టి కొట్టి వేడెక్కితేగాని ఎగరదు. ఖాళీ స్థలం ఉంటే రెండు కర్రలు పాతి వల కట్టి బ్యాడ్మింటన్ ఆడొచ్చు, మన వీధుల్లో ఆడుతూనే వచ్చాం. స్క్వాష్‌కి గోడలు కట్టాలి. ఆ గోడలు మన దేశంలో ముందు దొరల క్లబ్బుల్లో, సైన్యం కంటోన్మెంట్లలో లేచాయి. గేటు దగ్గర సభ్యత్వ కార్డు లేనివాడికి లోపల ఏ ఆట ఆడుతున్నారో కూడా తెలియదు. మనవాళ్ళలో చేవ లేక కాదు. ఉన్న చేవ ఉన్న చోటికి వెళ్ళింది. బాల్ బ్యాడ్మింటన్ చూడండి, మట్టి నేల మీద, ఉన్ని బంతితో. వరంగల్ జమ్మలమడక పిచ్చయ్యగారు అందులో 1970లో అర్జున అవార్డు అందుకున్నారు. మా నాన్నగారి తరం ఆయన ఆట గురించి చెప్పుకోవడం నేను విన్నాను. ఈ తరం పిల్లలకి ఆ పేరే తెలియదు. అది వేరే వ్యాసం.

మరి చెన్నైకి స్క్వాష్ ఎలా అబ్బింది? అదీ ఒకప్పుడు క్లబ్బుల ఆటే. 2000లో అక్కడ ఒక అకాడమీ పెట్టారు. మలేషియానుంచి మేజర్ మణియం అనే కోచ్ వచ్చారు, ఇక్కడి సైరస్ పోంచా తోడయ్యారు. కోల్‌కతానుంచి సౌరవ్ ఆ కోర్టులకే వచ్చి నేర్చుకున్నాడు. అకాడమీకి రెండేళ్ళు నిండేసరికి ప్రపంచ జూనియర్ పోటీలు చెన్నైకి వచ్చాయి. 2009లో మళ్ళీ, 2018లో మళ్ళీ. ఊరి పిల్లలు బయటి దేశాల పిల్లల్ని పక్కనుంచి చూశారు. హైదరాబాదులో ఇదే పని వేరే ఆటకి జరిగింది. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచిన పుల్లెల గోపీచంద్ 2008లో గచ్చిబౌలిలో అకాడమీ తెరిచాడు. తర్వాత జరిగింది మనం ఇక్కడ కళ్ళతో చూశాం. 2017 సింగపూర్ ఓపెన్ మగవాళ్ళ ఫైనల్లో ఇద్దరూ మనవాళ్ళే, సాయి ప్రణీత్, శ్రీకాంత్. ఎవరికి చప్పట్లు కొట్టాలో తెలియక ఇద్దరికీ కొట్టాం. 2022లో అక్కడే సింధు గెలిచింది. నూరేళ్ళ సంప్రదాయం ఏమీ లేదు, ఒక కోర్టు, ఒక గురువు, తలుపు తీసి ఉంచడం.

సంప్రదాయం ఉన్నచోట కూడా తలుపు మూసుకుంటే ఏమవుతుందో పాకిస్తాన్ చెబుతుంది. పెషావర్ పక్కన నవాకిల్లె అనే పల్లె. హాషిం ఖాన్, జహంగీర్ ఖాన్, జాన్‌షేర్ ఖాన్ కుటుంబాలన్నీ ఆ ఒక్క ఊరివే. అలాంటి దేశానికి 1986లో జాన్‌షేర్ తర్వాత జూనియర్ ప్రపంచ టైటిల్ మళ్ళీ 2023లో గాని రాలేదు, మెల్‌బోర్న్‌లో హంజా ఖాన్ గెలిచేదాకా. ముప్పయ్యేడేళ్ళు! ఇంటిపేరు ఖాన్ అయితే చాలదని తేలిపోయింది కదా. మన ఇంటిపేర్లు లేవని బెంగ దేనికి?

అన్నట్టు అనాహత్ సంగతి చెప్పాలి. ఢిల్లీ పిల్ల. చిన్నప్పుడు సింధు ఆట చూసి ముచ్చటపడి మొదలుపెట్టింది బ్యాడ్మింటన్. అక్క స్క్వాష్ ఆడుతుంటే వెంట వెళ్ళి ఇటు మళ్ళింది. పదకొండేళ్ళ లోపు, పదిహేనేళ్ళ లోపు, 2025 జనవరిలో పదిహేడేళ్ళ లోపు బ్రిటిష్ జూనియర్ టైటిళ్ళు గెలిచింది. ఆ ఏడాదే కైరోలో ప్రపంచ జూనియర్‌లో కంచు తెచ్చింది. 2010లో దీపికా పల్లికల్ తర్వాత ఆ పోటీలో మన అమ్మాయికి వచ్చిన వ్యక్తిగత పతకం అదే. ఆ సింధు తల్లిదండ్రులేమో ఇద్దరూ వాలీబాల్ ఆటగాళ్ళు! వాలీబాల్ ఇంట్లో పుట్టిన పిల్ల బ్యాడ్మింటన్‌కి వెళ్ళింది, బ్యాడ్మింటన్ చూసిన పిల్ల స్క్వాష్‌కి వచ్చింది. దీన్ని ఏ పట్టికలో వేస్తాడో మా మిత్రుణ్ణి అడిగాను.

ఆయన ఊరుకునే రకం కాదు. మర్నాడు గోపీచంద్‌నే నా మీద ప్రయోగించాడు. 2025 ఫిబ్రవరిలో గోపీచంద్ ఒక పత్రికతో మాట్లాడుతూ, డబ్బున్న కుటుంబం కాకపోతే పిల్లల్ని ఆటనే వృత్తిగా పెట్టుకోనివ్వొద్దని తల్లిదండ్రులకి చెబుతున్నానన్నాడు. పెద్ద దుమారమే రేగింది. "ఆయనకన్నా నీకెక్కువ తెలుసా అన్నా?" అన్నాడు మావాడు. తెలియదు. పైగా గోపీచంద్ అన్నది నిజమే. పతకం రానివాళ్ళు ఇరవై అయిదేళ్ళకి చదువూ ఉద్యోగమూ లేక ఎక్కడ తేలుతున్నారో, వేలమంది పిల్లల్ని దగ్గరుండి చూసిన మనిషికి తెలుస్తుంది. ఆ బాధతో అన్న మాట అది. కానీ ఆయన మాట్లాడింది ఆటనే నమ్ముకుని చదువు వదిలేసేవాళ్ళ గురించి. మావాడి కూతురు చదువు వదలడం లేదు. వారంలో మూడు సాయంత్రాలు ఆడుకుంటానంటోంది. ఈ రెండూ ఒకటి కాదు. ఈ మాట గట్టిగానే అన్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. పెరుగన్నం తినేశాం.

నాకు ఇంకో కోపం కూడా ఉంది, ఎలాగూ రాస్తున్నాను కాబట్టి రాసేస్తాను. సీటు కోసం పిల్లచేత నాలుగేళ్ళు పొద్దున్న అయిదింటికి లేపి ఆడించి, సీటు చేతికి రాగానే మెట్రిక్యులేషన్ గైడు అమ్మేసినట్టు రాకెట్ అమ్మేయడం మన కాలనీల్లో మామూలైపోయింది. వీణ కూడా అంతే, పియానో కూడా అంతే. పిల్లలకి ఇది అర్థం కాదనుకుంటాం. ఆ అమ్మాయి ఒకరోజు లిఫ్టులో కనబడితే మొన్నటి టోర్నమెంటు ఎలా జరిగిందమ్మా అని అడిగాను. "క్వార్టర్స్‌లో ఓడిపోయాను అంకుల్. అయిదో గేమ్ దాకా తీసుకెళ్ళా. ఆ అమ్మాయి డ్రాప్ షాట్ ఎలా వేస్తుందో ఇప్పుడు నాకు తెలిసిపోయింది" అంది. కళ్ళు మెరుస్తున్నాయి. తర్వాత కొంచెం తగ్గి, "నాన్న ఇక చాలంటున్నారు" అంది. ఏడో అంతస్తు వచ్చేసింది, దిగిపోయింది.

మా లంచ్ టేబుల్ తీర్పు ఇంకా రాలేదు. మావాడు పట్టికలో ఇంకో వరస చేర్చాడని మాత్రం తెలిసింది. "జాబితాలో లేనివాళ్ళు" అని పేరు పెట్టి ఫరాగ్‌ని, జోష్నాని, సౌరవ్‌ని వేశాడట. మూడో నిలువు గడిలో ఎవరు ఏం చదివారో వేస్తున్నాడు. బుద్ధి ఎక్కడికి పోతుంది.

ఈలోగా వేరే తంటా వచ్చింది. మా కాండో పాతది, సింగపూర్‌లో స్క్వాష్ మోజు జోరుగా ఉన్న రోజుల్లో కట్టింది. అప్పట్లో రెండు కోర్టులుండేవి. ఒకదాన్ని నేను రాకముందే కుర్చీలు, క్రిస్మస్ చెట్టు, చైనా కొత్త సంవత్సరం లాంతర్లు దాచుకునే గది చేసేశారు. పాత కాండోలు చాలావాటిలో ఇదే కథ. ఇప్పుడు రెండోదాన్ని కూడా మూసి ఫంక్షన్ రూము చెయ్యాలని ప్రతిపాదన వచ్చింది. ఎవరూ వాడటం లేదట. బుకింగ్ పుస్తకం చూశాను. నిజమే, పేర్లు తక్కువే ఉన్నాయి, వారానికి మూడు సాయంత్రాలు ఒకే పేరు ఉంది. స్క్వాష్ 2028 లాస్ ఏంజిలెస్‌లో మొదటిసారి ఒలింపిక్స్‌లో ఆడబోతున్నారు, ఆ నిర్ణయం 2023 అక్టోబరులో మన ముంబైలోనే జరిగింది. ఆ పోటీలు టీవీలో చూసి కిందికి దిగొచ్చే పిల్లలకి మనం బఫే బల్లలు చూపించాలి.

ఫంక్షన్ రూము కావాలనేవాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు, పుట్టినరోజులకి, సత్యనారాయణ వ్రతాలకి చోటు చాలడం లేదని. వాళ్ళ ఇబ్బంది నాకు తెలుసు, మా ఇంట్లో వ్రతానికి సగంమంది లిఫ్టు దగ్గర నిలబడి ప్రసాదం తిన్నారు. కుర్చీల గది ఖాళీ చేయించి అదే వాడుకుందామని నేను ఒక కాయితం రాసి మేనేజ్‌మెంటు ఆఫీసులో ఇచ్చాను. సంతకాలు ఇప్పటికి పద్నాలుగు. పద్నాలుగో సంతకం మా లంచ్ టేబుల్ మిత్రుడిది. అడగకుండానే పెట్టాడు, కారణం చెప్పలేదు, నేనూ అడగలేదు.

సమావేశం వచ్చే నెల రెండో శనివారం సాయంత్రం నాలుగింటికి, కింద బార్బిక్యూ పక్కన. మా కాండోలో సొంత ఇల్లున్న మన సభ్యులు రాలేకపోతే ప్రాక్సీ ఫారాలు గార్డు దగ్గర ఉన్నాయి. అదే రోజు సమాజం కార్యక్రమం కూడా ఉందని తెలుసు. ఓటు వేసి ఎక్స్‌పోలో రైలెక్కితే భోజనాల వేళకి అందుకోవచ్చు, నేను అలాగే వస్తున్నాను.